హిస్టమిన్‌కు విరుగుడు ఉన్నదా?

మన తెలుగు ఇండ్లలో విరుగుడు అనే మాటకు గొప్ప గౌరవం ఉన్నది. తిన్నది పడకపోతే దానికొక విరుగుడు, తేలు కుడితే మరొకటి, చెడుగాలి సోకితే ఇంకొకటి. ఏ దోషం కలిగినా దానిని హరించే వస్తువు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని మన పెద్దల విశ్వాసం. ఆ విశ్వాసంతోనే మనం మందులనూ చూస్తాము. రొయ్యలకూర పడని మనిషి ఒకడు అది తిన్నాడనుకొందాం. కొంతసేపటికి ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి. వైద్యుడు ఒక చిన్న మాత్ర ఇస్తాడు. ఒకటి రెండు గంటలలో దురద తగ్గుతుంది, దద్దుర్లు అణగుతాయి, దానితోబాటు కండ్లు మూతలు పడతాయి. చూచినవారు ఆ మాత్ర ఒంటిలో చేరిన విషాన్ని విరిచివేసిందని అనుకొంటారు.

నిజానికి ఆ మాత్ర దేనినీ విరవదు. ఆ దద్దుర్లకు కారణమైన హిస్టమిన్ అనే పదార్థంలో ఒక్క అణువునైనా అది నశింపజేయదు. మరి ఉపశమనం ఎట్లా కలిగింది? నిద్ర ఎందుకు వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసికొన్నట్లయితే, ఆ మాత్రను ఎప్పుడు నమ్మవచ్చునో, ఎప్పుడు నమ్మరాదో కూడ తెలుస్తుంది. ఈ చివరి విషయం ఒక్కొక్కప్పుడు ప్రాణానికి సంబంధించినది.

మొదట హిస్టమిన్ సంగతి విచారింతాము. ఇది బయటినుంచి వచ్చిన విషం కాదు. మనం తినే ఆహారంలోని మాంసకృత్తులలో హిస్టిడిన్ అనే భాగం ఒకటి ఉన్నది. దానినుంచి మన శరీరమే హిస్టమిన్‌ను తయారుచేసికొంటుంది. విచిత్రమేమంటే, ఇది మన దేహంలో ఉన్నదని తెలియకముందే రసాయనశాలలో పుట్టింది. 1907 లో విండౌస్, వోగ్ట్ అనే జర్మన్ రసాయనవేత్తలు దీనిని కృత్రిమంగా తయారుచేశారు. 1910 లో ఇంగ్లండులో హెన్రీ డేల్, అతని సహచరులు రై అనే ధాన్యపు కంకులను పట్టే ఎర్గట్ బూజులో దీనిని కనుగొని, జంతువుల శరీరంపై దీని ప్రభావాన్ని పరిశీలించారు. కొద్దిపాటి హిస్టమిన్ రక్తంలో చేరగానే రక్తపుపోటు పడిపోయింది; గినీపందులకు శ్వాసనాళాలు బిగుసుకొని ఊపిరి ఆడలేదు. 1927 లో డేల్ బృందం కాలేయంనుంచి, ఊపిరితిత్తులనుంచి దీనిని వేరుచేసి, ఇది ప్రాణిదేహంలో సహజంగా ఉండే పదార్థమేనని రుజువు చేసింది. దేహధాతువును గ్రీకు భాషలో ‘హిస్టోస్’ అంటారు. హిస్టమిన్ అనే పేరు ఆ మాటకు సంబంధించినదే.

దేహం తయారుచేసిన హిస్టమిన్‌లో ఎక్కువ భాగం మాస్ట్ కణాలనే ప్రత్యేక జీవకణాలలో దాగి ఉంటుంది. పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1878 లోనే ఈ కణాలను వర్ణించి పేరు పెట్టాడు. కాని అవి హిస్టమిన్ గాదెలని తేలింది 1950 దశకం మొదట్లో, రైలీ, వెస్ట్ అనే శాస్త్రజ్ఞుల పరిశోధనలవలన. చర్మం, ముక్కు, శ్వాసనాళాలు, ప్రేగులు — బయటి ప్రపంచం మన దేహాన్ని తాకే ప్రతి సరిహద్దులోను ఈ కణాలు కావలివారివలె నిలిచి ఉంటాయి. పురుగులు, పరాన్నజీవులు ప్రవేశించినప్పుడు గంట కొట్టి తక్కిన దేహాన్ని మేలుకొల్పడం వాటి పని. ఆ గంట మ్రోతయే హిస్టమిన్.

ఎలర్జీ గల మనిషిలో ఈ కావలివారు నిరపాయమైన వస్తువును చూచి కూడ గంట కొడతారు. రొయ్యలోని ఒక మాంసకృత్తును అతని దేహం పూర్వమెన్నడో శత్రువుగా లెక్కకట్టి, దానిని గుర్తుపట్టే ప్రతిరక్షకాలను తయారుచేసికొన్నది. ఐజీఈ అనే ఈ ప్రతిరక్షకాలను 1966, 1967 సంవత్సరాలలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్‌సన్, బెన్‌నిచ్ అనేవారు కనుగొన్నారు. ఇవి మాస్ట్ కణాల ఉపరితలంపై అంటిపెట్టుకొని వేచి ఉంటాయి. మరల అదే మాంసకృత్తు వచ్చి వాటిని తాకగానే కణం తనలోని హిస్టమిన్‌ను నిమిషాలలో వెలుపలికి చిమ్ముతుంది.

చిమ్మిన హిస్టమిన్ ఏమి చేస్తుందో మన చర్మంమీదనే చూడవచ్చును. దోమ కుట్టిన చోట మొదట ఎర్రని చుక్క కనిపిస్తుంది. తరువాత దానిచుట్టూ ఎరుపు వ్యాపిస్తుంది. ఆపైన మధ్యభాగం తెల్లగా ఉబ్బి దద్దురు అవుతుంది. చర్మంలో జరిగే ఈ మూడు మార్పులను లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1920 దశకంలో శ్రద్ధగా పరిశీలించి, వీటి వెనుక హిస్టమిన్‌వంటి పదార్థం ఉన్నదని ప్రకటించాడు. సన్నని రక్తనాళాలు వెడల్పయితే ఎరుపు. వాటి గోడలలో సందులు ఏర్పడి నీరు బయటికి ఊరితే వాపు. నరాల కొనలు ప్రేరేపితమయితే దురద. ఇదే ముక్కులో జరిగితే తుమ్ములు, నీరుకారడం; కంటిలో జరిగితే ఎరుపు, మంట.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. హిస్టమిన్ అణువు అతి చిన్నది. దానికి చేతులు లేవు, కాళ్లు లేవు. రక్తనాళాన్ని అది ఎట్లా వెడల్పు చేయగలుగుతున్నది? చేసేది హిస్టమిన్ కాదు. ఆ నాళంలోని జీవకణాలే. వాటి ఉపరితలంపై గ్రాహకాలు అనే ప్రత్యేక నిర్మాణాలు ఉన్నాయి. హిస్టమిన్ వచ్చి అక్కడ కుదురుకొన్నప్పుడు గ్రాహకం ఆకారం మారుతుంది. ఆ మార్పు లోపలికి వార్త అవుతుంది. వార్త అందిన కణం తనకు అలవాటయిన పనిని ప్రారంభిస్తుంది. కండర కణమయితే బిగుస్తుంది, గ్రంథి అయితే ఊరుతుంది, నరమయితే మెదడుకు కబురు పంపుతుంది.

గ్రాహకాన్ని బస్సులోని సీటుతో పోల్చవచ్చును. పండుగ రోజులలో బస్సు స్టాండులో మనవారు చేసే పని మీకు తెలియనిది కాదు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోనుంచి తువ్వాలు సీటుమీదకు విసరుతారు. తువ్వాలు ప్రయాణం చేయదు, టిక్కెట్టు కొనదు. కాని అది అక్కడ ఉన్నంతసేపు మరొకరు కూర్చోలేరు. మన దద్దుర్ల మాత్రలోని మందు ఇట్టి తువ్వాలే. హిస్టమిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. కాని కణానికి వార్త పంపదు. హిస్టమిన్ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. దానికి చోటు దొరకదు. ఇటీవలి పరిశోధనలు దీనికి ఒక సవరణ చేర్చాయి. గ్రాహకం హిస్టమిన్ లేనప్పుడు కూడ పనిచేసే రూపానికీ, పనిచేయని రూపానికీ మధ్య కొద్దిగా ఊగిసలాడుతూ ఉంటుంది. మందు ఊరక అడ్డుపడడమే గాక, దానిని పనిచేయని రూపంలో నిలిపివేస్తుంది.

ఈ తువ్వాలును మొదట కనుగొన్నది పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన డేనియల్ బోవే. 1937 లో అతడు, అన్ మారీ స్టౌబ్ అనే పరిశోధకురాలు కలసి, గినీపందిని హిస్టమిన్‌నుంచి కాపాడే పదార్థాన్ని కనుగొన్నారు. మనుష్యులకు ఇవ్వడానికి అది తగినది కాకపోయినా, దారి తెరచుకొన్నది. 1942 లో ఫ్రాన్సులో ఆంటర్గాన్ అనే మందు రోగులకు అందింది. 1944 లో బోవే మెపిరమిన్‌ను ప్రకటించాడు. అమెరికాలో జార్జి రివ్‌షెల్ తయారుచేసిన డైఫెన్‌హైడ్రమిన్ 1946 లో వాడుకలోకి వచ్చింది. కొద్ది కాలానికే ప్రొమెథజిన్, ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ మొదలయినవి వచ్చాయి. బోవేకు 1957 లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ మందు అడ్డుమాత్రమే అని గ్రహిస్తే మనకు మొదటి ప్రయోజనం చేకూరుతుంది. తువ్వాలు ఖాళీ సీటుమీద వేయాలిగాని, కూర్చున్నవానిని లేపలేదు. వాడు తానై లేచినప్పుడే దానికి చోటు దొరుకుతుంది. చిమ్మబడిన హిస్టమిన్‌ను నశింపజేసే పని శరీరంలోని ఎంజైములే కొద్ది నిమిషాలలో చేస్తాయి. అప్పటికే ఊరిన నీరు ఇంకిపోవడానికి మరికొంత కాలం పడుతుంది. కాబట్టి ధూళివలన, పుప్పొడివలన ప్రతి సంవత్సరం ఒక ఋతువులో తుమ్ములతో బాధపడేవారికి, బాధ ముదిరిన తరువాత వేసికొన్న మాత్రకంటె ముందుగా వేసికొన్న మాత్ర ఎక్కువ మేలు చేస్తుంది.

రెండవ విషయం కడుపుకు సంబంధించినది. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడానికి హిస్టమిన్ కూడ ఒక ముఖ్య కారణమని పూర్వమే తెలుసు. అయితే దద్దుర్లను అణచే మందులు ఎంత ఇచ్చినా ఆ ఆమ్లం తగ్గలేదు. హిస్టమిన్ ఒక్కటే అయినప్పుడు ఒకచోట పనిచేసిన అడ్డు మరొకచోట పనిచేయకపోవడమేమిటి? గ్రాహకాలు రెండు రకాలవి కావలెనని శాస్త్రజ్ఞులు ఊహించారు. 1966 లో ఆష్, షిల్డ్ అనేవారు దద్దుర్లు, దురద మొదలయినవాటికి కారణమయిన గ్రాహకానికి హెచ్-1 అని పేరు పెట్టారు. జేమ్స్ బ్లాక్ అనే స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు 1972 లో రెండవ గ్రాహకాన్ని, అనగా హెచ్-2 ను, నిస్సందేహంగా నిరూపించి, దానికి తగిన అడ్డును కూడ చూపించాడు. ఆ పరిశోధనా ఫలితమే 1976 లో వచ్చిన సిమెటిడిన్. అంతకుముందు శస్త్రచికిత్స తప్పనిసరి అయిన ఎందరో కడుపుపుండు రోగులకు ఇది కత్తి అవసరం లేకుండా చేసింది. 1988 లో బ్లాక్‌కు నోబెల్ బహుమానం ఇచ్చారు. తరువాత మెదడులో హెచ్-3 ను 1983 లోను, రోగనిరోధక కణాలపై హెచ్-4 ను 2000 ప్రాంతంలోను గుర్తించారు. ఈ విధంగా హిస్టమిన్ ఒకటి, దాని గ్రాహకాలు నాలుగు. ఒక గ్రాహకానికి సరిపోయే మందు మరొకదానికి సరిపోదు. కడుపు మంటకు దద్దుర్ల మాత్ర పనికిరాకపోవడానికి ఇదే కారణం.

మూడవది నిద్ర. మెదడు అడుగుభాగంలో హైపోథలమస్ అనేచోట హిస్టమిన్‌ను వాడే నాడీకణాల గుంపు ఒకటి ఉన్నది. కోట్లాది కణాలుగల మెదడులో వీటి సంఖ్య సుమారు 64,000 మాత్రమే. కాని వీటి తీగలు మెదడంతటా వ్యాపించి ఉంటాయి. మనం మేలుకొని ఉన్నంతసేపు ఇవి పనిచేస్తాయి. నిద్రలో మౌనం వహిస్తాయి. చర్మంలో దురద పుట్టించే ఆ హిస్టమినే మెదడులో మెలకువను నిలుపుతున్నదన్నమాట. పాతతరం మాత్రలు రక్తంనుంచి మెదడులోనికి సులభంగా చొరబడి అక్కడి హెచ్-1 గ్రాహకాలను కూడ ఆక్రమిస్తాయి. మెలకువ నిలిపే వార్త ఆగిపోతుంది, మత్తు కలుగుతుంది.

అంతేకాదు. ఈ పాత మందులు ఎసిటిల్‌కోలిన్ అనే మరొక పదార్థపు గ్రాహకాలను కూడ ఆక్రమిస్తాయి. నోరెండిపోవడం, చూపు మసకబారడం, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన వృద్ధులకు మూత్రం బిగియడం అందువలననే. ఈ దోషమే ఒకప్పుడు గుణమయింది. 1947 లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో దద్దుర్లకు మందు పుచ్చుకొన్న ఒక స్త్రీ, ట్రాము ఎక్కితే తనకు వచ్చే వాంతులు కూడ ఆగిపోయాయని వైద్యులకు చెప్పింది. ప్రయాణపు వాంతులకు వాడే డైమెన్‌హైడ్రినేట్ మాత్ర ఆ విధంగా వెలుగులోకి వచ్చింది.

మెదడులోనికి చేరని మందులకోసం ఆ తరువాత అన్వేషణ జరిగింది. సెట్రిజిన్, లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ మొదలయినవి దాని ఫలితాలు. మెదడు రక్తనాళాల గోడలలో కొన్ని పదార్థాలను వెనుకకు నెట్టే పంపులవంటి ఏర్పాటు ఉన్నది. అది ఫెక్సోఫెనడిన్‌ను లోనికి రానీయదు. సెట్రిజిన్ మాత్రం కొందరికి కొద్దిగా మత్తు కలిగిస్తుంది. కొత్తవన్నీ నిరపాయమైనవే అని అనుకోరాదు. ఈ తరంలో తొలిదశలో వచ్చిన టెర్ఫెనడిన్, కొన్ని ఇతర మందులతో కలిసినప్పుడు గుండె లయను చెదరగొడుతున్నదని తేలి, 1990 దశకం చివర అమెరికాలో విపణినుంచి తొలగింపబడింది.

ఇవి తెలిసినప్పుడు గృహస్థులు పాటించవలసిన జాగ్రత్తలు వాటంతటవే స్ఫురిస్తాయి. క్లోర్‌ఫెనిరమిన్ వంటి మాత్ర రాత్రి వేసికొన్నా దాని మత్తు మరునాటి ఉదయంవరకూ ఉండవచ్చును. మోటారు సైకిలు, లారీ నడిపేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు ఈ సంగతి మరువరాదు. మద్యంతో కలిస్తే ఈ మత్తు రెట్టింపవుతుంది. వృద్ధులకు ఇది మతిభ్రమను, తూలిపడడాన్ని తెచ్చిపెడుతుంది. ఫెక్సోఫెనడిన్ మాత్రను పండ్లరసంతో కాక మంచినీళ్లతో వేసికోవాలి. బత్తాయి, ఆపిల్ రసాలవంటివి దానిని ఒంటికి పట్టనీయవు.

పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జలుబు చేసిన బిడ్డ రాత్రి ఏడవకుండా పడుకొంటుందని సీసాలోని మందు రెండు చెంచాలు పట్టించే తల్లులు ఉన్నారు. జలుబు వైరస్‌వలన వచ్చేది. దానిలో హిస్టమిన్ పాత్ర స్వల్పం. బిడ్డ నిద్రపోయింది మత్తువలనగాని, జలుబు తగ్గి కాదు. ప్రొమెథజిన్ రెండేండ్లలోపు పిల్లలకు ఇస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉన్నది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాలమీద హెచ్చరిక ముద్రించవలెనని 2023 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. సీసాపై అక్షరాలు చిన్నవే అయినా ఆ హెచ్చరిక చదివి తీరవలసినదే.

ప్రతి దురదా హిస్టమిన్ పని కాదని కూడ గుర్తుంచుకోవాలి. మన పొలాల గట్లమీద పాకే దూలగొండి కాయ నూగు ఒంటికి తగిలితే కలిగే దురద అందరికీ తెలిసినదే. ఆ నూగులో మాంసకృత్తులను ఖండించే ముకునైన్ అనే ఎంజైము ఉన్నది. అది నరాల కొనలలోని వేరే గ్రాహకాలను రేపుతుంది. దానికి దద్దుర్ల మాత్ర చాలదు. ఇందుకు భిన్నంగా, ఎలర్జీ లేనివారికీ హిస్టమిన్ బాధ కలుగవచ్చును. కానాగంత, సూర మొదలయిన చేపలలో హిస్టిడిన్ అధికం. పట్టిన చేపను మంచులో పెట్టక ఎండలో ఉంచితే సూక్ష్మజీవులు దానిని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఎంత ఉడికించినా అది నశించదు. ఆ చేప తిన్న ఇంటిల్లిపాదికీ ఒకేసారి ముఖం ఎర్రబారి, తలనొప్పి, దద్దుర్లు వస్తే తప్పు చేపదేగాని వారి దేహానిది కాదు.

చివరిదీ, అన్నిటికంటె ముఖ్యమైనదీ ఒకటి ఉన్నది. తేనెటీగ కుట్టినప్పుడు, సూదిమందు పొడిచినప్పుడు, పడని ఆహారం తిన్నప్పుడు కొందరిలో మాస్ట్ కణాలు ఒక్కచోట గాక దేహమంతటా ఒకేసారి విచ్చుకొంటాయి. గొంతు వాస్తుంది, ఊపిరి ఈలవేస్తుంది, వాంతులవుతాయి, రక్తపుపోటు పడిపోయి మనిషి సొమ్మసిల్లుతాడు. దీనిని అనాఫిలాక్సిస్ అంటారు. దీనిని మొదట వర్ణించి పేరు పెట్టినది 1902 లో ఫ్రాన్సులో పోర్టియర్, రిషే అనేవారు. ఇట్టి సమయంలో ఇంటిలోని దద్దుర్ల మాత్రను చేతిలో పెట్టి, తగ్గుతుందిలే అని వేచి ఉండడం చేజేతులా ప్రమాదాన్ని తెచ్చుకోవడమే.

కారణం మీరు ఇదివరకే ఊహించి ఉంటారు. మాత్ర ఒంటికి పట్టడానికి అరగంట, గంట కావాలి. అప్పటికి సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. పైగా ఆ గాదెలనుంచి వచ్చింది హిస్టమిన్ ఒక్కటే కాదు. శ్వాసనాళాలను అంతకంటె గట్టిగా బిగించే ల్యూకోట్రయీన్లవంటివి అనేకం వస్తాయి. వాటి గ్రాహకాలకు ఈ మందు అడ్డుపడదు. ఉబ్బసానికి కూడ ఈ మాత్రలు ముఖ్య చికిత్స కాకపోవడానికి ఇది ఒక కారణం. ఇక్కడ కావలసినది ఎడ్రినలిన్ సూదిమందు. అది హిస్టమిన్ గ్రాహకాల జోలికి పోదు. తనవైన వేరే గ్రాహకాలద్వారా, వెడల్పయిన రక్తనాళాలను కుదిస్తుంది, బిగిసిన శ్వాసనాళాలను విప్పుతుంది, మాస్ట్ కణాలు ఇంకా విచ్చుకోకుండా అరికడుతుంది. జరిగిన పనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. దీనిని తొడ వెలుపలివైపు కండరంలో ఇస్తారు. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. కాబట్టి దద్దుర్లతోబాటు గొంతు బిగియడం, ఆయాసం, కండ్లు తిరగడం వీటిలో ఏది కనిపించినా మనిషిని వెల్లకిల పడుకోబెట్టి, ఆయాసమెక్కువయితే ఆనించి కూర్చోబెట్టి, వెంటనే 108 కు ఫోను చేయాలి, లేదా దగ్గరలోని వైద్యశాలకు తరలించాలి. ఒకసారి ఇట్టి గండం గడిచినవారు తమకు ఏది పడదో తెలిసికొని, ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా ఆ సంగతి ముందుగా చెప్పడం అవసరం.

ఎనిమిది దశాబ్దాలకు పైగా ఈ చిన్న మాత్ర కోట్లమందికి దురదను, తుమ్ములను తగ్గించి సుఖనిద్ర ప్రసాదించింది. దాని ఉపకారాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అది అడ్డు నిలిచే మందు. అడ్డు చాలినచోట దానిని వాడుకొందాము. ఊపిరికే ముప్పు వచ్చినచోట నిజమైన విరుగుడు ఎడ్రినలిన్ అని ఇంటిలో పెద్దలకూ పిల్లలకూ తెలిసి ఉండడం మంచిది.